కొండకి రోడ్డు లేదు... గుంటకి పంతులమ్మ లేదు!

2020 ఆగస్టు నెల. దేశమంతా కరోనా భయంతో తలుపులు వేసుకుని కూర్చుంది. అదే నెలలో సాలూరు మండలం కొదమ పంచాయతీ గిరిజనులు ఇంటికి ఇంతని చందాలు వేసుకున్నారు. అవి చాలక అప్పు చేశారు. ఇంట్లో ఉన్న కాస్త నగా నట్రా తాకట్టు పెట్టారు. యంత్రం అద్దెకు తెచ్చుకుని, గునపాలూ పారలూ పట్టుకుని కొండను తొలిచి నాలుగైదు కిలోమీటర్ల బాట తామే వేసుకున్నారు. పేపర్లు ఫొటోలు వేశాయి. సినిమా నటుడు సోనూ సూద్ ట్విట్టర్లో మెచ్చుకున్నాడు. మైదానంలో ఉన్న మనమంతా ‘ఆహా, గిరిజనుల ఆదర్శం’ అనుకుని ఫోన్ పక్కన పెట్టేశాం.

సర్కారు చేయాల్సిన పనిని జనం అప్పు చేసి చేసుకుంటే దాన్ని ఆదర్శం అనరు. బాకీ అంటారు. సర్కారు కొదమ గిరిజనులకు బాకీ పడింది. ఆ బాకీ సంగతి అసెంబ్లీలో ఎవరు అడిగారు? మన జిల్లాల నుంచి గెలిచి మంత్రి పదవులు అనుభవించిన మహానుభావులు ఏ పార్టీలో మాత్రం తక్కువున్నారు గనుక!

ఈ వారం రోడ్డు గురించీ పంతులమ్మ గురించీ కలిపి రాస్తున్నాను. రెండు వేర్వేరు విషయాలు కదా అని విద్యార్థి మిత్రులు అడగవచ్చు. పాలకుల దగ్గర నిజంగానే అవి వేరు. రోడ్డు పంచాయతీరాజ్ ఇంజనీర్ల ఫైలు. టీచరు విద్యాశాఖ ఫైలు. స్కాలర్‌షిప్ సంక్షేమ శాఖ ఫైలు. అంగన్‌వాడీ స్త్రీ శిశు సంక్షేమ శాఖ ఫైలు. నాలుగు ఫైళ్లు నాలుగు బీరువాల్లో ఉంటాయి. కొండ మీది మనిషికి మాత్రం అవన్నీ ఒకే ముడి. గెడ్డ పొంగితే టీచరు రాదు. టీచరు రాకపోతే గుంట ఐదో తరగతి దాటదు. ఐదు దాటని గుంట స్కాలర్‌షిప్ ఇచ్చే కాలేజీ గుమ్మం ఎక్కదు. ఏ ఒక్కతో ఎక్కి, చదువుకుని, టీచరై సొంత గూడెంలో పాఠం చెబుతానంటే... మళ్లీ అదే గెడ్డ!

250 మంది లెక్క

ప్రధానమంత్రి గ్రామ సడక్ యోజన 2000 డిసెంబరు 25న మొదలైంది. మైదానంలో 500 జనాభా, కొండ ప్రాంతాల్లో గిరిజన ప్రాంతాల్లో 250 జనాభా ఉన్న ఆవాసానికి రోడ్డు వేయాలన్నది అప్పటి నియమం. కాగితం మీద ఉదారంగానే కనిపిస్తుంది. మరి మన కొండల మీద సవరల గూడ, జాతాపుల గూడ ఎంతుంటుంది? ఇరవై ఇళ్లు, ముప్పై ఇళ్లు. పోడు చేసుకునేవాడు ఊట నీరున్న చోట గుడిసె వేసుకుంటాడు గాని, సడక్ యోజన వస్తోంది కదా అని 250 మందిని పోగేసుకుని కూర్చుంటాడా? ఢిల్లీలో గీత గీసినవాడికి గూడ అంటే తెలియదు సరే, ఇక్కడి నుంచి జాబితాలు పంపిన మన అధికారులకైనా తెలియదా?

ఆదిమ తెగల ఆవాసాలకు ఆ గీతను 100కు దించడానికి 2023 నవంబరు 15న పీఎం జన్‌మన్ ప్రకటించేదాకా, అంటే దాదాపు 23 ఏళ్లు పట్టింది. కొండ సవరలు ఆ తెగల జాబితాలో ఉన్నారు. జాతాపులు లేరు. ఒకే గెడ్డ నీళ్లు తాగే రెండు గూడేలకు రెండు లెక్కలన్న మాట.

అధికారులు చూపే రెండో సాకు అడవి. అటవీశాఖ అనుమతి రాలేదండీ అంటారు. ఉద్యోగ మిత్రులారా, ఈ మాట మీ ఆఫీసుల్లో వినిపించినప్పుడు 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(2) తీసి బల్ల మీద పెట్టండి. బడి, ఆసుపత్రి, అంగన్‌వాడీ, రేషన్ షాపు, తాగునీటి పైపులు, రోడ్డు... మొత్తం 13 రకాల పనులకు అడవి భూమి ఇవ్వవచ్చని ఆ సెక్షన్ చెబుతుంది. పనికి హెక్టారు లోపు ఉండాలి, హెక్టారుకు 75 చెట్లకు మించి పోకూడదు, గ్రామసభ సిఫారసు చేయాలి. అంతే. మూడు మీటర్ల వెడల్పు బాటకు హెక్టారు భూమి అంటే మూడు కిలోమీటర్ల పైమాటే. ఇంకో సంగతి గమనించండి. బడినీ అంగన్‌వాడీనీ రోడ్డునూ ఆ చట్టం ఒకే సెక్షన్లో పక్కపక్కనే పెట్టింది. పార్లమెంటుకు తెలిసిన ముడి మన సెక్రటేరియట్‌కు తెలియలేదు.

సాలూరు కొండల మీదే ఇంకో వింత ఉంది. కొఠియా గ్రామాలు. 21 ఊళ్లు మావంటే మావని ఆంధ్రా, ఒడిశా కొట్టుకుంటున్నాయి. 1968లో సుప్రీంకోర్టుకెక్కిన తగవు ఇంకా తెగలేదు. 2021 ఫిబ్రవరిలో మనవాళ్లు అక్కడ పంచాయతీ ఎన్నికలు జరిపితే ఒడిశా కోర్టు ధిక్కారం అని మళ్లీ సుప్రీంకోర్టు గడప తొక్కింది. ఈ పంతం పుణ్యమా అని అటు ప్రభుత్వం రోడ్డు వేస్తానంటుంది, ఇటు ప్రభుత్వం పింఛను ఇస్తానంటుంది. వాళ్లొక బడి, వీళ్లొక బడి. అంటే ఏటన్నమాట? పక్క రాష్ట్రం ఎత్తుకుపోతుందన్న భయం ఉంటే తప్ప కొండ మీద మనిషి ఉన్నాడని మన పాలకులకు గుర్తుకు రాదు. ఎవడూ దావా వేయని గూడెం మాత్రం డోలీ మోస్తూనే ఉండాలి.

డోలీ అంటే తెలియని హైస్కూలు పిల్లలకు ఒక్క మాట. వెదురు గెడకు దుప్పటి కట్టి, అందులో రోగిని పడుకోబెట్టి, ఇద్దరు మనుషులు భుజాన వేసుకుని దిగుతారు. భుజం కాయలు కాస్తే మరో ఇద్దరు అందుకుంటారు. 2018లో సాలూరు మండలంలో ఒక గర్భిణిని ఇలా మోసుకొస్తుంటే దారిలోనే ప్రసవం అయింది. ఆ వీడియో దేశమంతా చూసింది. అదే ఏడాది సాలూరులో గిరి శిఖర గర్భిణుల వసతి గృహం తెరిచారు. నెలలు నిండబోయే ఆడవాళ్లను ముందే కిందికి దింపి, తిండి పెట్టి, పురుడు అయ్యాక పంపుతారు. మంచి పని, కొన్ని ప్రాణాలు నిలిపిన పని, దాన్ని తప్పుపట్టను. అయితే తల్లి దగ్గరికి రోడ్డును తీసుకుపోవడం చేతకాక తల్లినే రోడ్డు దగ్గరికి తెచ్చుకున్నామన్న సంగతి కూడా ఒప్పుకోవాలి.

160 కిలోమీటర్ల దగా

డబ్బుల్లేవంటారు. ఆ లెక్కా చూద్దాం. 2014 ఫిబ్రవరి 20న రాజ్యసభలో ప్రధాని మన్మోహన్ సింగ్ రాయలసీమకూ ఉత్తరాంధ్రకూ ఒడిశాలోని కేబీకే తరహాలో, బుందేల్‌ఖండ్ తరహాలో ప్రత్యేక ప్యాకేజీ అని ప్రకటించారు. కేబీకేలో మొదటి ‘కే’ కొరాపుట్. మన సాలూరు కొండకు అవతలి పక్క! చివరికి ఇచ్చిందేమిటి? ఏడు జిల్లాలకు జిల్లాకు 50 కోట్ల చొప్పున ఏటా 350 కోట్లు. మూడేళ్లు 1,050 కోట్లు వచ్చాయి. నాలుగో విడత 350 కోట్లు 2018 ఫిబ్రవరిలో ఖాతాలో వేసి, వేసిన చేత్తోనే వెనక్కి తీసుకున్నారు. ఢిల్లీకీ అమరావతికీ చెడింది, మధ్యలో కొండకు నష్టం.

ఆ 350 కోట్లలో మన మూడు జిల్లాల వాటా 150 కోట్లు. 2025 ఏప్రిల్‌లో అరకు ప్రాంతంలో మొదలుపెట్టిన ‘అడవి తల్లి బాట’ పథకం అంచనా 1,069 కిలోమీటర్లకు 1,005 కోట్లు. కిలోమీటరుకు రమారమి 94 లక్షలు. ఆ రేటుకే లెక్క కట్టండి. 150 కోట్లంటే దాదాపు 160 కిలోమీటర్ల కొండ రోడ్డు. ఒక్క పూటలో, ఒక్క బ్యాంకు ఎంట్రీతో 160 కిలోమీటర్లు మాయం!

ఉన్నది ఉన్నట్టు చెప్పుకుందాం. 2024 డిసెంబరులో ఉపముఖ్యమంత్రి పవన్ కళ్యాణ్ మక్కువ మండలం బాగుజోల కొండ ఎక్కి రోడ్లకు శంకుస్థాపన చేశారు. కొండ ఎక్కిన నాయకుడిని ఎక్కాడని ఒప్పుకోవడానికి మనకేం అభ్యంతరం లేదు. కానీ మన ప్రాంతంలో శంకుస్థాపన రాళ్లకు ఎప్పుడూ లోటు లేదు. మట్టి కోసి చదును చేసి ‘ఫార్మేషన్ పూర్తి’ అని బిల్లు రాసుకున్న బాటలు మొదటి వానకు గెడ్డలో కలిసిపోవడం సీతంపేట నుంచి కురుపాం దాకా అందరూ చూసిందే. తారు పడాలి, కల్వర్టు కట్టాలి, రాత్రిపూట 108 బండి ఎక్కాలి. అప్పుడు రోడ్డు అందాం.

వంటల చదువా?

ఇక పంతులమ్మ సంగతి. ఏ పంతులమ్మ? లెక్కలూ సైన్సూ చెప్పే టీచర్ల ఖాళీల గురించి సంఘాలు రోజూ మాట్లాడుతున్నాయి. ఎవరూ మాట్లాడని టీచరు ఒకరున్నారు. గృహవిజ్ఞానం చెప్పే టీచరు. హోంసైన్స్ అనగానే మగ మేధావులు నవ్వుతారు. వంటల చదువు, అల్లికల చదువు అంటారు. ఆ నవ్వు ఖరీదు ఎంతో కొండ మీద తెలుస్తుంది.

పుట్టిన బిడ్డకు ముర్రుపాలు పట్టాలా, పిండేసి పారబోయాలా? గర్భిణికి రక్తం తక్కువైతే ఏం తినాలి? చోడి అంబలి మానేసి రేషన్ బియ్యం గంజికి అలవాటు పడితే ఒంట్లో ఏం తగ్గుతుంది? వానాకాలం ఊట నీరు ఎందుకు కాచి తాగాలి? దళారీ అప్పుకు జీడిపిక్కలు ముందే రాసిస్తే ఇంటి లెక్క ఎలా తలకిందులవుతుంది? హోంసైన్స్ అంటే ఇదీ. డోలీ ఎక్కక ముందే ఆపగలిగిన చావులు సగం ఈ చదువులోనే ఉన్నాయని నా నమ్మకం.

పాత ప్రభుత్వాలకు ఈ మాత్రం తెలుసు. 1952 అక్టోబరు 2న సమాజ వికాస పథకం మొదలుపెట్టి బ్లాకులు పెట్టినప్పుడు, ఊరూరా తిరిగి ఆడవాళ్లకు చెప్పడానికి గ్రామసేవికలను వేశారు. వాళ్లకు శిక్షణ ఇవ్వడానికి హోంసైన్స్ విభాగాలు తెరిచారు. 1952-53 నాటి మొదలియార్ కమిషన్ హైస్కూళ్లలో ఏడు గ్రూపులు ఉండాలంటే అందులో గృహవిజ్ఞానం ఒకటి. తర్వాత్తర్వాత గ్రామసేవిక పోయింది, గ్రూపూ పోయింది. 2025 మెగా డీఎస్సీలో 16,347 పోస్టులు ప్రకటించారు. అందులో గృహవిజ్ఞానం టీచరు అన్న మాటే లేదు.

నేర్చుకుందామంటే ఎక్కడ నేర్చుకోవాలి? ఉమ్మడి రాష్ట్రంలో వ్యవసాయ విశ్వవిద్యాలయం హోంసైన్స్ కాలేజీలు హైదరాబాద్ సైఫాబాద్‌లో ఒకటి, బాపట్లలో ఒకటి పెట్టింది. రాష్ట్రం విడిపోయాక సైఫాబాద్ తెలంగాణకు పోయింది. మిగిలినది గుంటూరు చేరింది. ఈ మధ్య ‘కమ్యూనిటీ సైన్స్’ అని పేరు మార్చారు. పేరు మారింది గాని కాలేజీ మాత్రం కృష్ణానది దాటి ఇటు రాలేదు. మనకు నైరలో వ్యవసాయ కళాశాల ఇచ్చారు, సంతోషం. దాని పక్కన ఈ ఒక్క కోర్సుకు నాలుగు గదులు కడితే ఖజానా ఖాళీ అయిపోయేదా? భామిని నుంచో గుమ్మలక్ష్మీపురం నుంచో ఒక సవర పిల్ల గుంటూరు వెళ్లి నాలుగేళ్లు చదవాలంటే ఫీజు కాదు అడ్డం. రానూపోనూ ఛార్జీలు, మెస్ బిల్లు, ఇంటి దగ్గర ఆగిపోయే కూలి.

స్కాలర్‌షిప్‌లు లేవా అంటే ఉన్నాయి. గిరిజన విద్యార్థులకు పోస్ట్ మెట్రిక్ స్కాలర్‌షిప్ 1948 నుంచీ ఉంది. ఫీజు రీయింబర్స్‌మెంట్ 2008లో వచ్చింది. వసతి దీవెనను 2020 ఫిబ్రవరి 24న సాక్షాత్తూ మన విజయనగరంలోనే ప్రారంభించారు. డిగ్రీ పిల్లలకు ఏడాదికి 20 వేలు, పాలిటెక్నిక్‌కు 15 వేలు, ఐటీఐకి 10 వేలు తల్లి ఖాతాలో వేస్తామన్నారు. తల్లి ఖాతా! మంచి ఆలోచనే. ఆ తల్లి ఎక్కడుంది? కొండ మీద. బ్యాంకు ఎక్కడుంది? కొండ కింద. వేలిముద్ర పడలేదంటే మళ్లీ రావాలి, ఆధార్ కలవలేదంటే మళ్లీ రావాలి. ఒక్కో రాకకు ఒక రోజు కూలి పోతుంది. స్కాలర్‌షిప్ కూడా రోడ్డు మీదే నడుస్తుందని ఆ పథకం రాసినవాళ్లకు తట్టలేదు. పైగా ఇవన్నీ అన్ని కోర్సులకూ ఇచ్చే డబ్బులు. కొండ ఆడపిల్ల హోంసైన్స్ చదివి తిరిగి తన గూడెంలోనే పాఠం చెప్పేందుకు ప్రత్యేకించి ఇచ్చే ఉపకార వేతనం ఏదీ?

చదువుకుని వస్తే ఉద్యోగమైనా గ్యారంటీ ఉందా? 2000 జనవరి 10న ఇచ్చిన 3వ నంబరు జీవో ఏజెన్సీ బడుల్లో టీచరు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అంది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం నూటికి నూరు శాతం చెల్లదని కొట్టేసింది. తీర్పు వచ్చింది సరే, సవర భాష వచ్చిన టీచరు సవర పిల్లలకు దక్కేందుకు చట్టంలో వేరే దారి వెతకాల్సింది ప్రభుత్వం కాదా? మన దగ్గర ఇంకో దురన్యాయం ఉంది. శ్రీకాకుళం కొండ అంచున వందల గిరిజన గ్రామాలు షెడ్యూల్డు ప్రాంతం జాబితాలోనే లేవు. జీవో బతికి ఉన్నప్పుడూ అది వాళ్ల గుమ్మం తొక్కలేదు, చచ్చాక ఏడ్చే హక్కూ వాళ్లకు లేదు. 2011 జనాభా లెక్కల్లో విజయనగరం జిల్లా అక్షరాస్యత 58.89 శాతం. ఆడవాళ్లలో సగం మందికి కూడా అక్షరం ముక్క రాదు. ఈ లెక్క మైదానం ఊళ్లనూ కలుపుకున్నది. కొండది విడదీస్తే ఏమవుతుందో ఊహించుకోండి.

ఇప్పుడు మన ఇంటి మాట. ప్రత్యేక రాష్ట్రం కోరేవాళ్లం కాబట్టి మనల్ని మనం కూడా అడుక్కోవాలి. హైదరాబాద్ అన్యాయం చేసింది, అమరావతి చేస్తోంది అంటున్నాం. నిజమే. మరి శ్రీకాకుళం టౌనూ విజయనగరం టౌనూ కొండకు చేసిందేమిటి? ఏజెన్సీ పోస్టింగు పడగానే డిప్యుటేషన్ మీద కిందికి దిగడానికి సిఫారసు ఉత్తరాలు పట్టుకు తిరిగింది మన ఉద్యోగులు కారా? కాంట్రాక్టరు మనవాడు కాడా? ఏళ్ల కిందట ఒక కొండ బడికి వెళ్లాను. వారానికి రెండు రోజులే బడి. ఆ టీచరమ్మ మీద కోపం తెచ్చుకుందామనుకుంటూనే ఎక్కాను. గెడ్డలో మోకాలి లోతు నీళ్లు దాటాక, ఆవిడ చంకలో చంటిబిడ్డతో అదే గెడ్డ దాటి వస్తుందని విన్నాక ఆ కోపం నిలవలేదు. బస లేదు, మరుగుదొడ్డి లేదు, సాయంత్రం నాలుగైతే దిగిపోవాలి. అయినా మన సంఘాలు ఎప్పుడైనా ‘మాకు కొండ మీద క్వార్టరు కట్టండి, రోడ్డు వేయండి, అక్కడే ఉండి పాఠం చెబుతాం’ అని ధర్నా చేశాయా? బదిలీల కోసం చేసినన్ని ధర్నాలు క్వార్టర్ల కోసం చేసి ఉంటే!

కొండెక్కి పాఠం చెప్పినవాళ్లు మనలో లేకపోలేదు. గిడుగు రామమూర్తి పంతులు పర్లాకిమిడిలో ఉంటూ సవర భాష నేర్చుకుని, సొంత ఖర్చుతో సవర పిల్లలకు బడులు పెట్టాడు. వాచకాలు రాశాడు. మద్రాసు ప్రభుత్వం ప్రతిఫలం ఇవ్వబోతే వద్దని, ఆ సొమ్ముతో సవరలకు బడి పెట్టమన్నాడు. అడవుల్లో తిరిగి మలేరియా తెచ్చుకుని, క్వినైన్ వాడి వినికిడి పోగొట్టుకున్నాడు. ఆ తర్వాత పార్వతీపురం ఏజెన్సీలో బడిపంతులుగా ఉన్న వెంపటాపు సత్యం కొండ మనిషి పక్కన నిలబడ్డాడు. ఆయన ఎంచుకున్న దారి గురించి ఎవరి అభిప్రాయం వారిది. కానీ 1970లో ఆయన్నీ ఆదిభట్ల కైలాసాన్నీ కాల్చి చంపాక గాని కొండకు ప్రత్యేక అభివృద్ధి సంస్థలూ కార్యాలయాలూ పరుగెత్తుకు రాలేదు. ఆ తర్వాత పడిన బాటల్లో కొన్ని పోలీసు జీపు వెళ్లేంతవరకే ఆగాయి. పంతులమ్మ వెళ్లేదాకా సాగలేదు.

ఆంధ్రప్రదేశ్ విభజన చట్టం ఇస్తానన్న గిరిజన విశ్వవిద్యాలయం 2019లో విజయనగరంలో పాత పీజీ సెంటరు భవనాల్లో మొదలైంది. సొంత ప్రాంగణానికి 2023 ఆగస్టు 25న శంకుస్థాపన జరిగింది. ఆ విశ్వవిద్యాలయంలో గృహవిజ్ఞానం బీఈడీతో కలిపి పెట్టమని, కొండ గూడేల ఆడపిల్లలకు సీట్లు కేటాయించమని, చదివినన్నాళ్లు మెస్ ఖర్చు, ఛార్జీలు, ఇంటికి నష్టపోయే కూలి ఇవ్వమని, చదువయ్యాక సొంత మండలంలోనే పోస్టు ఇవ్వమని విద్యార్థి సంఘాలు ఎందుకు అడగకూడదు? అడిగే కాగితంలోనే ఆ గూడెం రోడ్డు సంగతి కూడా రాయండి. రెండు కాగితాలు ఇస్తే రెండు బీరువాలకు పోతాయి.

ఏటా ఆగస్టు 29న గిడుగు వారి విగ్రహానికి దండలు వేసి తెలుగు భాషా దినోత్సవం చేస్తారు. కలెక్టరు వస్తారు, మంత్రి వస్తారు. ఈసారి ఆ సభలకు మనం కూడా వెళ్దాం. కొదమ వాళ్లు బాట కోసం చేసిన అప్పులో ప్రభుత్వం ఎంత తీర్చిందో, సవర వాచకం చెప్పగల ఆడ టీచర్లు సీతంపేట, పార్వతీపురం ఐటీడీఏల పరిధిలో ఎంతమంది ఉన్నారో మైకు అడిగి తీసుకుని అడుగుదాం. జవాబు రాతపూర్వకంగా కావాలని కూడా చెబుదాం.